తెల్లమచ్చ రహిత జిల్లా

మనిషి ఒంట్లో నీరు నిలవ ఉంచుకోవడం నేరమని కంచరవలస జిల్లా ఆసుపత్రి గోడకు నోటీసు అంటించిన రోజున, సీపాన జగ్గునాయుడు దాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి కింద సంతకం కనబడింది. ప్రత్యేకాధికారి చక్రధరంగారిది. ఆయన నవ్వులాటకు సంతకం పెట్టే మనిషి కాడు. జగ్గునాయుడు నవ్వు మింగేసి, వెళ్ళి తన స్కానింగ్ గదిలో కూర్చున్నాడు.

కూర్చున్నాడేగానీ మనసు మనసులో లేదు. ఈ గొడవంతటికీ మూలం తన నోరే మరి.

జగ్గునాయుడు పదిహేనేళ్ళు ఎక్స్‌రేలు తీసిన మనిషి. జిల్లాకు మొదటి ఎమ్మారై మిషను వస్తోందంటే పట్నం వెళ్ళి ఆర్నెల్లు శిక్షణ పొంది వచ్చాడు. ఆ మిషన్లో డిఫ్యూజన్ స్కాన్ అని ఒకటుంది. కోయక్కర్లేదు, సూది గుచ్చక్కర్లేదు. ఒంట్లో నీటి కణాలు ఎలా మెసులుతున్నాయో చూసి, ఎక్కడ గడ్డ ఉందో, ఎక్కడ చీము పట్టిందో పట్టిచ్చేస్తుంది. మంచి విద్య. ఆ విద్యను ప్రారంభోత్సవం నాడు చక్రధరంగారికి వివరించే భాగ్యం జగ్గునాయుడికే దక్కింది.

ప్రారంభోత్సవమే ఒక ముచ్చట. సూపరింటెండెంటు డాక్టర్ పరాంకుశం చర్మవ్యాధుల డాక్టరు. సీనియారిటీ తప్ప మరే దురలవాటూ లేని పెద్దమనిషి. మిషను ముందు కొబ్బరికాయ కొడదామని ఆయన ఇంటినుంచి కత్తి పట్టుకొచ్చారు. అది మామూలు మిషను కాదు, గది నిండేంత అయస్కాంతం. జగ్గునాయుడు "సార్, ఇనుము..." అనేలోగా కత్తి ఆయన చేతిలోంచి లేచి, వరసగా నిలబడ్డ అధికారుల చెవుల పక్కనుంచి దూసుకుపోయి మిషను నోట్లో అతుక్కుంది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. దాన్ని పీకడానికి ఇంజనీర్లకు నాలుగు రోజులు పట్టింది. చక్రధరంగారు మాత్రం అక్కడికక్కడే ఫైల్లో "యంత్రము మిక్కిలి చురుకుగా నున్నది" అని రాసుకున్నారు.

చక్రధరంగారు పద్దెనిమిదేళ్ళు మునిసిపల్ శాఖలో దోమల నిర్మూలన చూసి వచ్చినవారు. కొబ్బరి చిప్పలో, పాత టైరులో, పూలకుండీ కింద పళ్ళెంలో చెంచాడు నీళ్ళు నిలిచినా కనిపెట్టి నోటీసు ఇచ్చేవారు. దోమలు తగ్గాయో లేదో దోమలకే తెలియాలి. నోటీసులు మాత్రం కుప్పతెప్పలు. ఆ సేవకు మెచ్చి ప్రభుత్వం ఆయన్ను ఆరోగ్యశాఖ మీదికి పంపింది.

"ఇదేమిటయ్యా, ఇక్కడ తెల్లగా ఉంది?" అన్నారాయన ఆ రోజు, కంప్యూటర్లో నమూనా బొమ్మ మీద వేలు పెట్టి.

"కాలేయంలో గడ్డ సార్," అన్నాడు జగ్గునాయుడు. "ఆరోగ్యంగా ఉన్నచోట నీటి కణాలు అటూ ఇటూ బాగా మెసులుతాయి. గడ్డ ఉన్నచోట కిక్కిరిసి ఉంటుంది గనక కదలడానికి చోటుండదు. నీరు కదలని చోటు ఈ బొమ్మలో తెల్లగా కనబడుతుంది."

చక్రధరంగారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"అంటే నీరు నిలవ."

"నిలవంటే... అలాగే అనుకోండి సార్," అన్నాడు జగ్గునాయుడు.

అలాగే అనుకోండి అన్న ఆ ఒక్క మాటతో కొంప మునిగింది. చక్రధరంగారు అలాగే అనుకున్నారు. పద్దెనిమిదేళ్ళు తాను ఊళ్ళలో వెతికిన నిలవనీరు మనుషుల లోపల దాక్కుని ఉందా అని ఆయనకు ఒళ్ళు మండింది. వారం తిరక్కుండా గోడ మీద ఆ నోటీసు, దాని వెనకాలే ఉత్తర్వు వచ్చాయి.

"పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, జిల్లాలో ఏ రోగమునకైనను మూలము శరీరాంతర్గత నిలవనీరేనని గుర్తించడమైనది. కావున ఇకపై ఏ రోగి ఏ బాధతో వచ్చినను ముందుగా డిఫ్యూజన్ స్కాన్ జరిపి, తెల్లమచ్చలు లెక్కించి, ఏడవ నంబరు ఫారములో నమోదు చేయవలెను. మచ్చ లేనివారిని రోగులుగా పరిగణించరాదు."

మర్నాటి నుంచి ఆసుపత్రి వరండా అంతా స్కానింగ్ గది ముందుకొచ్చి పడింది. పంటి నొప్పివాడూ అక్కడే, పొలంలో తేలు కుట్టినవాడూ అక్కడే.

"తేలు ఎక్కడ కుట్టిందో సూపిస్తన్నాను కద బావూ," అన్నాడు ఆ రైతు, వాచిన కాలు పైకెత్తి పట్టుకుని. "మళ్ళీ ఫొటో ఎందుకు?"

"మచ్చ ఉంటేగానీ రోగి కావు. రోగివైతేగానీ ఇంజక్షన్ ఇవ్వరు," అన్నాడు జగ్గునాయుడు నేలచూపులు చూస్తూ.

అతనికి మచ్చ లేదు. ఆరోగ్యవంతుడని కాగితం ఇచ్చి పంపేశారు. ఆరోగ్యవంతుడు కుంటుకుంటూ బయటికి వెళ్ళి, గేటు దగ్గర మందుల షాపులో ఇంజక్షన్ కొనుక్కున్నాడు.

గది తలుపు దగ్గర ఆయా తవిటమ్మ కూర్చునేది. యాభై ఏళ్ళ మనిషి. లోపలికి వెళ్ళేవాళ్ళ ఒంటిమీద ఇనుపముక్క కూడా లేకుండా చూడటం ఆమె పని. మగవాళ్ళ మొలతాళ్ళ తాయెత్తులు, ఆడవాళ్ళ గాజులు, మట్టెలు అన్నీ విప్పించి గుడ్డసంచుల్లో కట్టేది. పుస్తెలు తియ్యమంటే ఆడవాళ్ళు ఏడుపు మొహం పెట్టేవారు. అందుకని తవిటమ్మ ఒక డబ్బా నిండా పసుపుకొమ్ములు, పసుపు దారం పెట్టుకుని, పుస్తెలు తీసినామె మెడలో ముందు పసుపుకొమ్ము కట్టి, ఆ తర్వాత తాడు తీయించేది. ఉత్తర్వులో ఆ సంగతి లేదు. ఎవరూ చెప్పలేదు కూడా. అయినా ఆ ఆసుపత్రిలో సవ్యంగా జరిగే పని ఏదన్నా ఉందంటే అదొక్కటే.

నెలాఖరుకు సమీక్షా సమావేశం పెట్టారు. పరాంకుశంగారు లెక్క చదివారు. స్కాన్ అయినవారు ఆరువందల పన్నెండు మంది. తెల్లమచ్చలు ఆరువందల డెబ్భై. మచ్చ లేదని పంపించినవాళ్ళను కూడా పైవాళ్ళు పాత బొమ్మలు తెప్పించుకుని మళ్ళీ లెక్కపెట్టించారట.

"మనిషికి ఒకటి చొప్పున!" చక్రధరంగారు బల్ల మీద గుద్దారు. "రాష్ట్రంలో ఇంత నిలవనీరు ఇంకే జిల్లాలో లేదు. ఏమిటిది?"

రేడియాలజిస్టు డాక్టర్ ఇందుమతి లేచింది. ఆమె మాటల్లో మొహమాటం తక్కువ. "సార్, వాటిలో చాలావరకు ప్లీహం. అది ఈ స్కాన్‌లో సహజంగానే తెల్లగా కనబడుతుంది. రోగం కాదు."

"ప్లీహం ఎవరి అనుమతితో తెల్లగా కనబడుతోంది?"

ఇందుమతి ఆయన వంక చూసింది. ఆయన నవ్వడం లేదు.

"ప్రతి మనిషికీ ఉంటుంది సార్ అది."

"ప్రతి ఇంట్లోనూ పూలకుండీ ఉంటుందమ్మా. ఉన్నంత మాత్రాన నీళ్ళు నిలవ ఉంచుతామా? వచ్చే నెలకు మచ్చలు నలభై శాతం తగ్గాలి. ఎలా తగ్గిస్తారో నాకు అనవసరం. లక్ష్యం ఇస్తున్నాను."

నీరు కదలకపోవడం వల్లే కదా మచ్చ వస్తోంది, కదిలిస్తే పోదా అని పరాంకుశంగారికి బుద్ధి పుట్టింది. స్కాన్‌కు ముందు రోగులందరూ ఆసుపత్రి చుట్టూ మూడు చుట్లు పరుగెత్తాలని రూలు పెట్టారు. దానికి 'జలచలనం' అని పేరు. గోడలకు రంగు వేసి "నిలిస్తే నీరు, కదిలితే ఆరోగ్యం" అని రాయించారు. ఉబ్బసం తాతలు దగ్గుతూ, గర్భిణులు నడుం పట్టుకుని, కాళ్ళకు కట్లు కట్టినవాళ్ళు చక్రాల కుర్చీల్లో తోయించుకుంటూ మూడు చుట్లూ తిరిగారు. మంచం దిగలేనివాళ్ళను మంచంలోనే పావుగంట సేపు ఊపించారు. ఒక ముసలామె రెండో చుట్టులో నిలబడిపోయి, "నాను సచ్చిపోయినాక తీసుకోండి నాయనా ఆ ఫొటో, అప్పుడైతే కదల్ను," అంది. కదలకపోవడం నేరమని ఆమెకు ఎవరో సర్దిచెప్పారు.

మచ్చ ఒక్కటీ తగ్గలేదు. ప్లీహాలు మొండివి.

ఆ నెలలోనే సిబ్బంది అందరికీ స్కాన్ చెయ్యాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. తవిటమ్మ తన పుస్తెలు తానే తీసి, పసుపుకొమ్ము తానే కట్టుకుని బల్ల మీద పడుకుంది. కొన్నాళ్ళుగా కుడి డొక్కలో బరువుగా ఉంటోందని, అన్నం తినబుద్ధి కావట్లేదని ఆమె అంటూనే ఉంది. ఎండల వల్లేనని తనే కొట్టిపారేసింది.

కాలేయంలో శనగగింజంత తెల్లమచ్చ. ప్లీహానిది కాదు.

ఇందుమతి బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తవిటమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. "చిన్నది తవిటమ్మా. ఇప్పుడే కోసి తీసేస్తే పోతుంది. రెండు మూడు నెలలు ఆగితే మాత్రం నా చేతిలోనూ ఉండదు, ఎవరి చేతిలోనూ ఉండదు. పట్నం పెద్దాసుపత్రికి చీటీ రాస్తున్నాను. సూపరింటెండెంటుగారి సంతకం ఉంటే అక్కడ ఉచితంగా చేస్తారు."

"కోస్తారేటమ్మా?" అంది తవిటమ్మ. భయపడింది పాపం. కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, బయట ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారని తలుపు దగ్గరికి వెళ్ళిపోయింది.

జగ్గునాయుడికి ఆమె కొత్త కాదు. పదిహేనేళ్ళు ఒకే తలుపుకు అటూ ఇటూ పనిచేశారు. అతను ఆమెను అప్పా అని పిలుస్తాడు. అక్క అనే అర్థంలోనే, ఉత్తుత్తి మర్యాదకు కాదు.

చీటీ పరాంకుశంగారి బల్ల మీద పదకొండు రోజులు ఉంది. సంతకం పెడితే మచ్చ ఉన్నట్టు ఆసుపత్రి ఒప్పుకున్నట్టవుతుంది. నెలాఖరు దగ్గర పడుతోంది. ఇందుమతి రోజూ వెళ్ళి అడిగింది. పన్నెండో రోజున అడగలేదు, అరిచింది. పదమూడో రోజున ఆమెను కొండల్లో కంటి పరీక్షల శిబిరానికి డిప్యుటేషన్ మీద వేశారు. రేడియాలజిస్టుకు కళ్ళతో ఏం పని అని ఎవరూ అడగలేదు. బొమ్మలు చూసేది కళ్ళతోనేగా అని పరాంకుశంగారే సమర్థించారు.

ఇక మచ్చలు తగ్గించే బాధ్యత జగ్గునాయుడి నెత్తిన పడింది. చక్రధరంగారు స్వయంగా వచ్చి మిషను ముందు కూర్చున్నారు.

"టీవీలో వెలుతురు తగ్గిస్తాం కదా. దీన్లో లేదా?"

"ఉంది సార్. కానీ అది బొమ్మ వెలుతురే. లోపలి గడ్డ అలాగే ఉంటుంది."

"ప్రభుత్వానికి వచ్చేది బొమ్మే కదా?"

"అవును సార్."

"గడ్డను ఎవరన్నా ఫైల్లో పెట్టి పంపుతున్నారా?"

చక్రధరంగారు మౌసు తీసుకుని, తెల్లదనం బూడిదయ్యేదాకా, బూడిద నల్లబడేదాకా తగ్గించారు. ప్లీహాలు మాయమయ్యాయి. గడ్డలు మాయమయ్యాయి. ఒక దశలో మనిషే మాయమయ్యాడు. అక్కడ ఆగి, ఒక పిసరు పెంచి, "ఇది ప్రామాణిక స్థితి," అన్నారు. ఆ స్థితిని ఎవరూ మార్చకుండా మౌసు చక్రం మీద లక్క కరిగించి పోసి ప్రభుత్వ ముద్ర కొట్టించారు.

పాత బొమ్మలన్నీ ప్రామాణికం కావని రద్దు చేశారు. మచ్చలున్నవాళ్ళందరినీ పిలిపించి మళ్ళీ స్కాన్ తీశారు. అందరూ శుభ్రం. అందరికీ రంగుల అంచుతో ఆరోగ్య ధ్రువపత్రాలు పంచారు. జనం మురిసిపోయి ఫ్రేములు కట్టించుకున్నారు. తవిటమ్మకూ ఒకటి వచ్చింది.

"తమ్ముడూ, నాకు తగ్గిపోయినట్టేనా?" అంది ఆమె, ధ్రువపత్రం చేత్తో పట్టుకుని. మొహంలో ఆశ. "డొక్కలో నొప్పి అలగే ఉంది మరి."

"తగ్గలేదప్పా," అన్నాడు. "దీపం ఆర్పేశారు, అంతే."

ఆమె ఆ కాగితం మడిచి అతని బల్ల మీద పెట్టేసింది. "మరేటి సేస్తాం," అంది. ఆ మాట అతనికి కోపం తెప్పించింది. ఆమె మీద కాదు, తన మీద. అలాగే అనుకోండి అన్న నోరు తనదే కదా.

డిఫ్యూజన్ స్కాన్ తీస్తే మిషను ఒకటి కాదు, రెండు బొమ్మలు ఇస్తుంది. మొదటి దాంట్లో గడ్డ తెల్లగా వస్తుంది. రెండోది నీటి కదలికను కొలిచి లెక్కకట్టిన బొమ్మ. దాంట్లో అదే గడ్డ నల్లగా వస్తుంది. డాక్టర్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. చక్రధరంగారు చూసింది మొదటిదే. ఉత్తర్వుల్లో ఉన్నది తెల్లమచ్చలే. నల్లమచ్చ మీద నిషేధం లేదు. రెండో బొమ్మకు లక్కా లేదు.

జగ్గునాయుడు తవిటమ్మ రెండో బొమ్మను ఫిల్ము మీదికి ఎక్కించి పరాంకుశంగారి గదికి వెళ్ళాడు.

"సార్, ఇందులో తెల్లమచ్చ లేదు. నల్లమచ్చ ఉంది. ఆమెను పట్నం పంపడానికి ఉత్తర్వు అడ్డురాదు."

పరాంకుశంగారు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశారు. ఆయనా డాక్టరే. అది ఏమిటో ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు మొహంలో కనబడింది కూడా. కానీ పదవీవిరమణకు ఐదు నెలలుంది.

"నల్లమచ్చకు ఫారం లేదయ్యా," అన్నారు గొంతు తగ్గించి. "ఏడో నంబరు ఫారం తెల్లమచ్చలది. ఫారం లేని మచ్చను నేనెలా పంపను? పైకి రాస్తాను, ఉండు."

రాశారు. పోయింది ఆశ అనుకున్నాడు జగ్గునాయుడు. నాలుగో రోజున చక్రధరంగారి కారు వచ్చి ఆగింది.

"ఏదీ ఆ నల్లమచ్చ?"

ఫిల్ము చూపించారు. ఆయన చాలాసేపు చూశారు. పాత ఫిల్ము తెప్పించి పక్కన పెట్టుకున్నారు. పాతదాంట్లో మచ్చ తెల్లగా ఉన్న చోటే, కొత్తదాంట్లో సరిగ్గా అంతే మేర, నల్లగా ఉంది. ఆయన మొహం విప్పారింది.

"తెల్లమచ్చను తీసేసిన గుర్తు ఇది. గుంట పూడ్చాక అక్కడ మట్టి నల్లగా ఉండదూ? అదే ఇది. మనం నిర్మూలించామనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? పరాంకుశంగారూ, ఇన్నాళ్ళూ దీన్ని నా దృష్టికి ఎందుకు తేలేదు?"

పరాంకుశంగారు జగ్గునాయుడి వైపు చూశారు. జగ్గునాయుడు నోరు తెరవబోయి, ఈసారి మూసుకున్నాడు. అలాగే అనుకోనీ.

ఆ వారంలోనే ఎనిమిదో నంబరు ఫారం వచ్చింది. "నల్లమచ్చ లబ్ధిదారుల గుర్తింపు, సత్కారము." నల్లమచ్చలు నెలకు ఇన్ని చూపాలని లక్ష్యం కూడా పెట్టారు. కంచరవలసను రాష్ట్రంలో మొట్టమొదటి తెల్లమచ్చ రహిత జిల్లాగా ప్రకటించే సభ పట్నంలో ఏర్పాటైంది. మొదటి లబ్ధిదారుగా తవిటమ్మను వేదిక మీద కూర్చోబెట్టాలని నిర్ణయం. ప్రయాణం, భోజనం ప్రభుత్వ ఖర్చు. తోడుగా టెక్నీషియన్ వెళ్ళాలి. సత్కారపత్రం చిత్తుప్రతి రాసే పని కూడా టెక్నీషియన్‌కే అప్పగించారు, అవయవాల పేర్లు అతనికే తెలుసు గనక.

జగ్గునాయుడు జీవితంలో రాసిన ఒకే ఒక్క రచన అది. "శ్రీమతి తవిటమ్మ గారి కాలేయమునందు ఒక సెంటీమీటరు నల్లమచ్చ గలదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. జతచేసిన ఫిల్మును పరిశీలించి, సదరు మచ్చకు తగిన సత్కారము జరిపించవలసినదిగా ప్రభుత్వ వైద్య సంస్థలన్నింటిని కోరడమైనది. ఖర్చు నిమిత్తము రోగిని అడగరాదు." చక్రధరంగారు 'రోగి' కొట్టేసి 'లబ్ధిదారు' అని దిద్ది, సంతకం పెట్టారు. ఆయన వెనకాల పరాంకుశంగారూ పెట్టారు. పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగి, మొత్తం చదివి, జగ్గునాయుడి మొహంలోకి చూసి, ఏమీ అనకుండా పెట్టారు. ఆ ఒక్క విషయంలో ఆయన్ను మెచ్చుకోవాలి.

సభ ఘనంగా జరిగింది. తవిటమ్మకు శాలువా కప్పారు. ఉపన్యాసాల మధ్య ఆమె డొక్క పట్టుకుని కూర్చుంటే, ఆ భంగిమను వినయమని పత్రికలవాళ్ళు ఫొటో తీసుకున్నారు. సభ అయ్యాక అందరూ భోజనాలకు లేచారు. జగ్గునాయుడు ఆమెను ఆటోలో ఎక్కించుకుని తిన్నగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి సర్జన్ సత్కారపత్రం చదివాడు. మళ్ళీ చదివాడు. "నాకేమీ అర్థం కాలేదు," అన్నాడు. తర్వాత ఫిల్ము చూశాడు. "ఇది అర్థమైంది. ఎన్నాళ్ళయింది దీన్ని చూసి?"

"రెండు నెలలు సార్."

"ఎందుకు ఆగారయ్యా ఇన్నాళ్ళు?"

"వెలుతురు తగ్గించారు సార్," అన్నాడు జగ్గునాయుడు. సర్జన్ మరి రెండు పరీక్షలు చేయించి, వారంలో ఆపరేషన్ చేశాడు. శనగగింజ కాస్తా ఉసిరికాయంత అయిందిగానీ, పక్కకు పాకలేదు. తవిటమ్మ బతికింది. కళ్ళు తెరవగానే ఆకలేస్తోందంది. జగ్గునాయుడు బయటికెళ్ళి, ఎవరూ లేని చోట నిలబడి, ఏడ్చాడు.

ఆమె కోలుకుని డ్యూటీలో చేరిన రోజున రూలు ప్రకారం స్కాన్ తీశారు. నల్లమచ్చ లేదు.

మూడో రోజున మెమో వచ్చింది. "రాష్ట్రస్థాయి వేదికపై సత్కరింపబడిన నల్లమచ్చను లబ్ధిదారు తవిటమ్మ, టెక్నీషియన్ జగ్గునాయుడుతో కుమ్మక్కై, శాఖాపరమైన అనుమతి లేకుండా తొలగింపజేసి, జిల్లా విజయమునకు భంగము కలిగించినట్లు తెలియవచ్చినది. సదరు మచ్చను ఏడు దినములలోగా యథాస్థానమున చూపవలెను. లేనిచో చర్యలు తీసుకోబడును."

జగ్గునాయుడు చదివి వినిపిస్తే తవిటమ్మ నోరు వెళ్ళబెట్టింది. "మచ్చ మళ్ళీ తెచ్చుకోవాలేటి?"

"అలాగే రాశారప్పా."

"నాది ఒక్కదానిదే పోనాది. మిగతావోలవి ఏటయ్యాయి తమ్ముడూ?"

ఆ ప్రశ్న జగ్గునాయుడు అంతవరకు తనను తాను అడగలేదు. అడగకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. ఇప్పుడు ఆమె అడిగాక తప్పలేదు. గోరుతో మౌసు మీద లక్క పెచ్చును లేపేశాడు. రద్దయిన పాత బొమ్మలు మిషను కడుపులో భద్రంగానే ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచి, వెలుతురు పెంచాడు. ప్లీహాలను పక్కన పెట్టి, అసలు గడ్డలు ఏరుకుంటూ పోయాడు. రెండు రోజులు పట్టింది. నలభై ఒకటి.

మెమోకు జవాబు తవిటమ్మ చెప్పింది, అతను రాశాడు. "అయ్యా, నా మచ్చ పోయిన మాట నిజం. తప్పు నాదే. అయితే ప్రభుత్వంవారికి నష్టమేమీ లేదు. మిగిలిన నలభై ఒక్క మచ్చలూ జిల్లాలో భద్రంగా ఉన్నాయి. మీరిచ్చిన ధ్రువపత్రాల వల్ల వాటి జోలికి ఏ డాక్టరూ పోలేదు. రోజురోజుకూ బాగా పెరుగుతున్నాయి. పేర్లు, ఊళ్ళు జతచేశాం."

జవాబు పైకి పంపారు. తవిటమ్మ మాత్రం పైవాళ్ళ కోసం ఆగలేదు. సెలవు పెట్టి, జాబితా నకలు బొడ్లో దోపుకుని, బస్సెక్కింది. ఊరూరూ తిరిగి, తలుపులు తట్టి, తన కోత మచ్చ చూపించి, "నానిలగే బతికినాను, రండి," అని చెప్పి తీసుకొచ్చేది. జగ్గునాయుడు రెండో బొమ్మ తీసి ఎనిమిదో నంబరు ఫారం నింపేవాడు. నల్లమచ్చల లక్ష్యం ఇంకా అమల్లోనే ఉంది గనక పరాంకుశంగారు ఫారం మీద ఏముందో చూడకుండా సంతకం పెట్టేవారు. అలా ఎనిమిది మంది సత్కారానికని పట్నం వెళ్ళారు.

తొమ్మిదో ఇంటి నుంచి తవిటమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. వచ్చి స్టూలు మీద కూర్చుంది. జగ్గునాయుడు మంచినీళ్ళు ఇచ్చినా తాగలేదు.

"ఇంటాయన పోనాడు తమ్ముడూ. పదిరోజులైందట," అంది. "గోడకి ఫొటో పెట్టి దండేసినారు. పక్కనే ఆ రంగుల కాయితం. ఆరోగ్యంగా ఉన్నాడని. దానికీ దండేసినారు. ఆళ్ళావిడ నన్నడిగింది, కాయితం నిజమే కదా అప్పా, మరి మనిషెలా పోనాడని."

అదే సమయానికి బంట్రోతు వచ్చి బల్ల మీద ఫైలు పెట్టి వెళ్ళాడు. వాళ్ళ జవాబు పైనుంచి తిరిగొచ్చింది. జాబితా పేజీలు కుట్టిన దారం కూడా విప్పలేదు. మొదటి పేజీ అంచున చక్రధరంగారి చేతిరాత ఉంది. "చూడడమైనది. పెరుగుదల సంతృప్తికరము. ఇదే ఒరవడి కొనసాగించవలెను."

"ఏటి రాసినారు?" అంది తవిటమ్మ.

జగ్గునాయుడు చదవబోయాడు. ఆమె అతని మొహం చూసింది. ఫైలు మూసి పక్కకు నెట్టింది. బొడ్లోంచి జాబితా తీసి అతని ముందు పరిచింది.

"అది సదవకు," అంది. "పదో ఇల్లు ఏ ఊరో సెప్పు. బస్సు టైమయిపోతంది."